గుర్రాల పోటీలో మన పిల్లలకు ఏం పని?

పోయిన సెలవుల్లో మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని బెంగళూరులో జరిగిన ఒక డ్రెసాజ్ పోటీకి వెళ్లి వచ్చాను. చూడటానికి కాదు, రెండు రోజులు జీతం లేకుండా పని చేయడానికి. ప్లస్ వన్ ముగించిన అమ్మాయి ఒకరు, డిప్లొమా చదువుతున్న అబ్బాయి ఒకరు. బయలుదేరే ముందు ఆ అమ్మాయి తండ్రి గురుబరపల్లి బస్టాపులో నన్ను పక్కకు పిలిచి, "సార్, గుర్రాల పందేలకా పిల్లను తీసుకుపోయేది?" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. మన వైపు బెంగళూరు గుర్రాలంటే గుర్తుకొచ్చేది రేసులు, వాటి మీద డబ్బు పెట్టి కొంపలు పోగొట్టుకున్నవాళ్లే. అందుకని ముందు ఆ సంగతి తేల్చి తరువాత పాఠంలోకి వెళదాం.

డ్రెసాజ్ పరుగు పందెం కాదు. ఎవరు ముందు వచ్చారన్న ప్రశ్నే ఇందులో లేదు. 20 మీటర్ల వెడల్పు, 40 లేదా 60 మీటర్ల పొడవు ఉన్న ఇసుక మైదానంలోకి ఒక్కొక్క గుర్రమే వస్తుంది. రౌతు చెప్పినట్టు నడుస్తుంది, ట్రాట్ చేస్తుంది, క్యాంటర్ చేస్తుంది, వృత్తాలు తిరుగుతుంది, కదలకుండా నిలబడుతుంది. మైదానం అంచుల వెంట అక్షరాల పలకలు ఉంటాయి. చిన్న మైదానంలో వరుసగా ఎ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. గుర్రం లోపలికి వచ్చేది ఎ దగ్గర, ప్రధాన న్యాయనిర్ణేత కూర్చునేది దానికి ఎదురుగా సి దగ్గర. నడిమధ్య బిందువు పేరు ఎక్స్. అక్కడ పలక ఉండదు, రౌతు దాన్ని మనసులోనే గుర్తుపెట్టుకోవాలి. మన పిల్లలు తొమ్మిదో తరగతిలో నేర్చుకునే నిరూపక జ్యామితి ఇక్కడ ఇసుకలో కనిపిస్తుంది.

డ్రెసాజ్ అన్న ఫ్రెంచి మాటకు శిక్షణ అని అర్థం. ఒలింపిక్స్‌లో 1912 నుంచి ఉంది. ఆడ, మగ ఒకే పోటీలో సమానంగా తలపడే కొద్ది ఆటల్లో ఇదొకటి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ వెండి పతకం గెలిచారు. పోలియో వల్ల ఆమెకు మోకాళ్ల కింద పక్షవాతం.

ఇక మార్కులు. ఒక పరీక్షలో పాతికకు అటూఇటుగా కదలికలు ఉంటాయి. ప్రతిదానికీ 0 నుంచి 10 వరకు మార్కు, అర మార్కులు కూడా ఇస్తారు. 5 అంటే అంతంతమాత్రం, 6 అంటే ఫరవాలేదు, 8 అంటే బాగుంది. 10 చాలా అరుదు. కొన్ని ముఖ్యమైన కదలికలకు వచ్చిన మార్కును రెండుతో గుణిస్తారు. అన్నీ కూడి, గరిష్ఠ మార్కులతో భాగించి, శాతం కడతారు. ఉదాహరణకు గరిష్ఠం 230 ఉన్న పరీక్షలో 149.5 వస్తే 65 శాతం.

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం డ్రెసాజ్ జట్టు బంగారు పతకం గెలిచింది. గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తరువాత వచ్చిన బంగారం అది. నలుగురు పోటీ చేస్తే మెరుగైన మూడు శాతాలను కూడుతారు. అనుష్ అగర్వాలా 71.088, హృదయ్ ఛేడా 69.941, దివ్యకృతి సింగ్ 68.176, సుదీప్తి హజేలా 66.706. మొదటి మూడూ కూడి చూడండి, 209.205 వస్తుంది. రెండో స్థానం చైనాకు 204.882, మూడో స్థానం హాంకాంగ్‌కు 204.852. వెండికీ కంచుకూ మధ్య తేడా 0.03 మాత్రమే. అనుష్ మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లి, ఒలింపిక్ డ్రెసాజ్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు.

ఆ 0.03 ఎక్కడి నుంచి వస్తుంది? న్యాయనిర్ణేత నోటి నుంచి వచ్చి, పక్కన కూర్చున్న రాతగాడి కలం గుండా కాగితం మీదికి దిగుతుంది. స్థానిక పోటీల్లో ఆ కలం పట్టుకునేది చాలాసార్లు మనలాంటి స్వచ్ఛంద సేవకుడే. న్యాయనిర్ణేత గుర్రం మీద నుంచి చూపు తిప్పకూడదు కనుక మార్కు, దానికి కారణం నోటితో చెబుతారు, రాతగాడు రాస్తాడు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ కుర్చీయే.

మిగతా పనులు తొందరగా చెబుతాను. గేటు దగ్గర నిలబడి తరువాతి రౌతును పిలవడం, మార్కుల కాగితాలను గణన గదికి చేరవేయడం, అక్కడ కూడికలు సరిచూడటం, అక్షరాల పలకలు పెట్టడం, గుర్రం వేసిన లద్దెను ఎత్తేయడం, అందరికీ నీళ్లు ఇవ్వడం. మా అబ్బాయి గేటు దగ్గర నిలబడ్డాడు. అతనికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు, కాస్త హిందీ పట్టుకున్నాడు. సైసులతో, రౌతులతో, నిర్వాహకులతో ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడాడు. మధ్యాహ్నానికి అందరూ అతని పేరే పిలుస్తున్నారు. బళ్లో ఏ భాషకు ఎన్ని మార్కులు అని మనం లెక్కపెట్టుకుంటూ ఉంటాం కానీ, హోసూరు, కృష్ణగిరి పిల్లలకు ఊరికే వచ్చిన ఈ ఆస్తిని మనమే తక్కువగా చూస్తాం.

మొదటి రోజు రాతగాడి కుర్చీలో నేను కూర్చున్నాను. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి, ఇదేం పెద్ద పని అనుకున్నాను. మూడో రౌతు పన్నెండేళ్ల పాప. ఆమె వృత్తం తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయి ఎనిమిదో కదలిక మార్కు రాయలేదు. న్యాయనిర్ణేత "ఐదు" అన్నారు. అది తొమ్మిదో కదలికది, వదులు పగ్గంతో నడకకు, రెండుతో గుణించేది. నేను ఎనిమిదో గడిలో రాశాను. ఆ వెంటనే "పది, ఏడు" అన్నారు. పదో కదలికకు ఏడు మార్కులు అని. నా కలం తొమ్మిదో గడి మీద ఉంది. చెమటలు పట్టాయి.

ఆమె కదలిక సంఖ్య చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో లెక్క వేయండి. ఎనిమిదికి రావలసింది 6.5, నేను వేసింది 5. అంటే 1.5 తగ్గింది. తొమ్మిదికి రావలసింది 5 రెండింతలు 10, అక్కడ 7 రాసి ఉంటే 14 అయ్యేది. అంటే 4 పెరిగేది. ఆ రెండు గళ్లలోనే 2.5 మార్కులు ఎక్కువ, శాతంలో 1.09. పాప పరీక్ష ముగించి వందనం చేయగానే, "మేడమ్, ఎనిమిది నాకు అందలేదు, తొమ్మిది మార్కును ఎనిమిదిలో వేశాను" అని చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. ఎనిమిదికి 6.5 అని చెప్పి, కొట్టివేసిన గడి పక్కన తన పొడి సంతకం పెట్టారు. "ఊహించి రాసేవాళ్లంటేనే నాకు భయం" అని మాత్రం అన్నారు. రాతగాడు పాటించవలసిన నియమం అదే. అందకపోతే ఖాళీ వదిలి తరువాతి గడికి వెళ్లాలి, చివర అడగాలి, దిద్దుబాటు ఉంటే న్యాయనిర్ణేత సంతకం తీసుకోవాలి. కుర్చీలో విన్న మాట బయట చెప్పకూడదు. మన పిల్లలకు తెలిసిన రౌతు వస్తే ముందే ఆ సంగతి చెప్పాలి.

రెండో రోజు అమ్మాయి కూర్చుంది. వారం ముందు నుంచీ ఆమె ఇంగ్లీషు వ్యాఖ్యల పొట్టి రూపాలు ఒక నోటుపుస్తకంలో రాసుకొని, వాళ్ల చెల్లెలు గబగబా చదువుతుంటే రాయడం సాధన చేసింది. పదహారుగురు రౌతుల కాగితాల్లో ఒక్క గడి ఖాళీ లేదు. నాకంటే నయం.

ఇప్పుడు తల్లిదండ్రులు ముఖ్యంగా చదవవలసిన భాగం. మన పిల్లలు పశువుల మధ్య పెరిగినవాళ్లు. పండుగకు ఎద్దులను వదిలే ఊళ్ల పిల్లలు. అందుకే గుర్రమంటే భయం ఉండదు, అదే ప్రమాదం. ఆవు కాలు ఎక్కువగా పక్కకు విసురుతుంది, గుర్రం రెండు కాళ్లూ ఎత్తి సూటిగా వెనక్కి తంతుంది. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది, కానీ నుదుటికి ఎదురుగా దగ్గరలోనూ, తోక వెనకా ఏమీ కనిపించదు. దగ్గరికి వెళ్లవలసి వస్తే భుజం వైపు నుంచి, మెల్లగా మాట్లాడుతూ వెళ్లాలి. చెవులు వెనక్కి అణిచిందంటే దూరం జరగాలి. పట్టుకొమ్మని ఎవరైనా పగ్గం ఇస్తే దాన్ని చేతికి చుట్టుకోకూడదు. అసలు సైసు లేకుండా పట్టుకోనే కూడదు.

మొదటి రోజు మధ్యాహ్నం చినుకు పడితే మా అబ్బాయి గేటు దగ్గర టప్పున గొడుగు తెరిచాడు. లోపలికి రాబోతున్న గుర్రం ఒక్క గంతుతో పక్కకు దూకింది. రౌతు జీను మీద నిలదొక్కుకుంది కాబట్టి సరిపోయింది. సైసు వచ్చి, "తమ్ముడూ, అది నీ గొడుగును చూసి భయపడలేదు, ఉన్నట్టుండి పెద్దదైన దేన్నో చూసి భయపడింది" అన్నాడు. అబ్బాయి వెళ్లి ఆ రౌతుకు క్షమాపణ చెప్పి వచ్చాడు. గొడుగు, ప్లాస్టిక్ సంచి, గాలికి రెపరెపలాడే చున్నీ, అరుపులు, కెమెరా ఫ్లాష్ మైదానం దగ్గర పనికిరావు. కాలికి చెప్పులు కాదు, బూట్లు ఉండాలి.

గుర్రం మన నేలకు కొత్త కాదు. హోసూరు పక్కన మత్తిగిరిలో ఇప్పుడున్న ప్రభుత్వ పశువుల ఫారాన్ని 1824లో మొదలుపెట్టింది సైన్యానికి గుర్రాలను పెంచడానికే. పశువైద్యం చదవాలనుకునే పిల్లలకు ఈ పోటీలు ఇంకోవిధంగా పనికొస్తాయి. ఆ చదువు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్లు. చేరాక గుర్రం కూడా పాఠంలో ఉంటుంది. పోటీల దగ్గర పశువైద్యుడు, లాడం కొట్టేవాడు ఉంటారు. తీరిక వేళ వాళ్ల దగ్గర నిలబడి చూస్తే చాలు. లాడం వేసేవాడు గిట్ట చెక్కుతున్నంతసేపూ మా అమ్మాయి కదల్లేదు, భోజనం కూడా ఆలస్యం చేసుకుంది.

అయితే జీతం లేని చాకిరీకి పిల్లలను పంపడం సబబేనా? ఇది డబ్బున్నవాళ్ల ఆట, గుర్రాన్ని మేపడం మన తలకు మించిన ఖర్చు, ఇందులో దాపరికం ఏమీ లేదు. నా అభిప్రాయం ఇది. ఏడాదికి రెండు రోజులు, నేర్చుకునే పని, భోజనం, చెప్పేవాళ్లు పక్కన ఉంటే అది సేవ. రోజంతా శాలలు కడిగించి మేత మోయిస్తే అది కూలి పని, దానికి కూలి ఇవ్వాలి. సైసులు జీతానికి చేసే పనిని మన పిల్లలు ఉచితంగా చేసి వాళ్ల పొట్ట కొట్టకూడదు. పరీక్షల నెలలో వద్దు. పోటీలు తెల్లవారగానే మొదలవుతాయి కనుక ముందు రోజే బెంగళూరులో బంధువుల ఇంట్లో దిగాలి. పద్దెనిమిది నిండనివారి వెంట పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. చివర ఇచ్చే ప్రశంసాపత్రం చూపితే సీటు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అభ్యాసం: ఒక పరీక్ష గరిష్ఠం 230. ఇద్దరు న్యాయనిర్ణేతలు. మొదటి రౌతుకు వచ్చినవి 149.5, 154. రెండో రౌతుకు 152, 151. ఇద్దరి శాతాలూ మూడు దశాంశ స్థానాల వరకు కట్టి ఎవరు ముందో చెప్పండి. తరువాత, మొదటి రౌతు నడకకు ఒక న్యాయనిర్ణేత 6 అని చెప్పి వెంటనే 5.5కు మార్చారనీ, రాతగాడు ఆ మార్పు రాయలేదనీ అనుకోండి. నడకకు రెండింతలు. ఆ కాగితాన్ని సరిచేసి మళ్లీ శాతం కట్టండి. స్థానాలు ఏమయ్యాయో రాసి, వచ్చే నెల ఉపకార వేతనం అందుకోవడానికి వచ్చేటప్పుడు కాగితం వెంట తెచ్చి నాకు చూపండి. లెక్క మొత్తం ఉండాలి, జవాబు ఒక్కటే రాసి తేవద్దు.