బ్రిడ్జిలు తీసి రూటర్లు ఎందుకు పెడతారు?



ఎం.సి.ఎ. ముగించి మొదటి ఇంటర్వ్యూకు వెళ్ళాను. "బ్రిడ్జి రెండవ పొరలో, రూటరు మూడవ పొరలో పనిచేస్తుంది" అని గడగడా అప్పజెప్పాను. "సరే, పెద్ద ఆఫీసులో బ్రిడ్జిలు తీసి రూటర్లు ఎందుకు పెడతారు?" అన్నారు. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు, అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. మీకు ఆ ఇబ్బంది రాకూడదనే ఈ పాఠం.

ప్రతి కంప్యూటరు నెట్‌వర్కు కార్డుకు 48 బిట్ల నంబరు ఉంటుంది. అది మనిషి పేరు లాంటిది, ఊరు చెప్పదు. ఏ నంబరు ఏ వైపు ఉందో బ్రిడ్జి గమనించి గుర్తుపెట్టుకుంటుంది. తెలియని నంబరైనా, అందరికీ ఉద్దేశించిన సందేశమైనా అన్ని వైపులా పంపుతుంది. హాస్టల్లో ఉత్తరం వస్తే వరండాలో నిలబడి పేరు పెట్టి కేకేస్తాం కదా, అలాగ! యాభై మందికి సరిపోతుంది. ఐదు వేల మందికైతే రోజంతా కేకలే.

ఇంకో ప్రమాదం ఉంది. తీగ తెగినా పని ఆగకూడదని రెండు దారులు వేస్తారు. అప్పుడు ఒక దారిన వెళ్ళిన సందేశం రెండో దారిన తిరిగొచ్చి అలా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఆపడానికి 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టారు. అది అదనపు దారిని మూసి ఉంచి, అవసరమైనప్పుడు తెరుస్తుంది. అయితే ఒక కొసనుంచి మరో కొసకు ఏడు బ్రిడ్జిలు మించరాదన్నది ప్రమాణం.

మించితే ఏమవుతుంది? 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో అదే జరిగింది. ఏళ్ళ తరబడి స్విచ్చులు, అంటే నేటి బ్రిడ్జిలు, ఒకదానికొకటి తగిలిస్తూ పోయారు. ఒకరోజు డేటా భారం పెరిగి స్పానింగ్ ట్రీ చెడిపోయింది. నాలుగు రోజులు వైద్యులు కాగితాల మీదే పని నడిపారు. ఆ తరువాత నెట్‌వర్కును రూటర్లతో విభజించి కట్టుకున్నారు.

రూటరు పిన్‌కోడు చూసే పోస్టాఫీసు వంటిది. తిరుపతి 517501, చిత్తూరు 517001. హైదరాబాదులో వేరుచేసేవారికి మన వీధి తెలియనక్కరలేదు, 517 చూస్తే చాలు. ఐ.పి. చిరునామా కూడా అంతే. తిరుపతి శాఖకు 10.1తో, చిత్తూరు శాఖకు 10.2తో మొదలయ్యే చిరునామాలు ఇస్తే, ఒక శాఖ కేకలు రెండో శాఖకు వినబడవు. పైగా ప్రతి ఐ.పి. ప్యాకెట్టులో ఒక లెక్క ఉంటుంది. రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నా కాగానే ప్యాకెట్టును పారేస్తారు. దారి తప్పినా శాశ్వతంగా తిరగదు.

మార్పు ఒక్క రాత్రిలో చేయకూడదు. ఒక్కొక్క శాఖనే మార్చాలి. ప్రతి కంప్యూటరుకూ కొత్త చిరునామా, గేట్‌వే ఇవ్వాలి. పాత విండోస్‌లో వాడిన నెట్‌బ్యూయి లాంటివి రూటరు దాటలేవు, వాటిని ముందే వెతికి మార్చాలి.

బ్రిడ్జి పనికిరానిదని కాదు. గది లోపల నేటికీ స్విచ్చే మేలు. శాఖల మధ్య, ఊళ్ళ మధ్య రూటరు కావాలి. మిమ్మల్ని అడిగితే నిర్వచనంతో ఆగకండి, ఈ "ఎందుకు" కూడా చెప్పండి.