ఇంటి వైరింగు: తీగ, ఫ్యూజు, ఎర్తు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు సమీపమున, గుల్జార్ హౌజ్ వద్ద 2025 మే 18న ఒక పాత మేడ అంటుకొని 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. క్రింద దుకాణము, పైన కాపురము. షార్టు సర్క్యూట్ వలన నిప్పు పుట్టియుండునని అగ్నిమాపక శాఖవారు తొలుత తెలిపిరి.

పాత తీగలపై కొత్త బరువు పల్లె ఇండ్లలోను కలదు. నాడు రెండు బల్బులకు వేసిన తీగపై నేడు ఫ్రిజ్జు, గ్రైండరు, నీటి మోటారు నడచుచున్నవి. కావున వైరింగు భాగములను రైతులు తెలిసికొనుట మేలు.

ఓల్టు, ఆంపియరు, వాటు: విద్యుత్తును కాలువ నీటితో పోల్చవచ్చును. నీటిని నెట్టు ఒత్తిడి వంటిది ఓల్టేజి. ఇండ్లకు వచ్చునది 230 ఓల్టులు. పారు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. సామానుపై వ్రాసియున్న వాట్లను 230చే భాగించిన సుమారుగా ఆంపియర్లు తెలియును. 1500 వాట్ల హీటరు ఆరున్నర ఆంపియర్లు తీసికొనును. అనగా 9 వాట్ల బల్బులు 160కి పైగా వెలిగించినంత.

మూడు తీగలు: విద్యుత్తును తెచ్చునది ఫేజు, దీని రంగు ఎరుపు, పసుపు లేక నీలము. స్విచ్చి ఎల్లప్పుడు దీనిపైననే ఉండవలెను. తిరిగి పోవునది న్యూట్రలు, నలుపు. మూడవది ఎర్తు; ఆకుపచ్చ. మోటారు ఇనుప ఒంటికి కరెంటు తగిలినచో ఎర్తు దానిని భూమికి చేర్చి ఫ్యూజు పోవునట్లు చేయును. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను దీనిదే. దానిని విరిచి వాడరాదు.

తీగ లావు: దీపములకు, ఫ్యానులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. హీటరు వంటి వాటి 16 ఆంపియర్ల ప్లగ్గుకు కనీసము 2.5 ఉండవలెను. దీపముల సర్క్యూట్ ఒక్కొక్కటి 10 పాయింట్లు లేక 800 వాట్లు మించరాదు.

ఫ్యూజు: కాలువ నిండి కట్ట తెగకముందే తూము మూయుదుము. ఫ్యూజు తానే మూసికొను తూము వంటిది. తీగ మోయలేని కరెంటు వచ్చినచో తాను కరగి తీగను కాపాడును. మాటిమాటికి పోవుచున్నదని లావు తీగ చుట్టినచో ఫ్యూజు నిలుచును, గోడలోని తీగ కాలును. ఎం.సి.బి. ఇదే పని చేయును, కరగదు, పడిపోవును. కారణము చూచి మరల ఎత్తవచ్చును.

అయితే ఈ రెండును మనిషిని షాకు నుండి నేరుగా కాపాడవు. ప్రాణము తీయు కరెంటు వానిని కదలింపజాలనంత స్వల్పము. అందుకు ఆర్.సి.సి.బి. కావలెను. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పి భూమికి పోయినను అది క్షణములో ఆపును.

కొత్త సామాను కొనునపుడు దాని వాట్లు, తీగ లావు, ఫ్యూజు ఆంపియర్లు ఒకదానికొకటి సరిపోవునా అని చూడుడు. తీగ వేడెక్కినను, ప్లగ్గు నల్లబడినను మెయిన్ స్విచ్చి ఆపి, లైసెన్సు గల వైర్‌మన్‌ను పిలువుడు.