కరెంటు పోతే అక్వేరియం చేపల సంగతి?

సూరత్ నగరంలోని డిండోలి, లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీలు వారిలో ఎక్కువ. బదిలీ మీద అక్కడికి వెళ్లే మన బ్యాంకు కుటుంబాలకు వీధిలో తెలుగు వినిపించడం పెద్ద ఊరట. కొత్త ఊళ్లో స్నేహితులు దొరికేదాకా పిల్లలకు తోడుగా ఉంటుందని చాలామంది ఇంట్లో ఒక అక్వేరియం పెట్టుకుంటారు. ఆ తొట్టెలోని ప్రాణాలన్నీ ఒక ప్లగ్గు మీద ఆధారపడి ఉంటాయన్న సంగతి కరెంటు పోయినప్పుడే గుర్తొస్తుంది.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. ఎన్నో ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖ వాసులూ అదే అనుభవించారు. అంత విపత్తే రానక్కర్లేదు. వేసవి రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఐదారు గంటలు కరెంటు రాకపోయినా, చేపలు కిక్కిరిసిన తొట్టెలో తెల్లారేసరికి నష్టం జరగవచ్చు.

లోటు ఎక్కడ వస్తుంది?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో గరిష్ఠంగా 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. అంటే తొట్టె మొత్తం నిల్వ అర గ్రాము కూడా ఉండదు. అదే 20 డిగ్రీల దగ్గరైతే లీటరుకు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. వేసవిలో జమ తగ్గుతుంది, చేపల ఖర్చు పెరుగుతుంది.

ఈ జమ ప్రధానంగా నీటి పైభాగం నుంచే జరుగుతుంది. పంపు బుడగలు చేసే అసలు మేలు నీటిని కదిలించి, అడుగు నీటిని పైకి తేవడం. మొక్కలున్న తొట్టెలో లైటు కూడా ఆరిపోతే ఆ మొక్కలే ఆక్సిజన్ వాడుకుంటాయి. భీమవరం వైపు రొయ్యల రైతులు ఏరేటర్ల కోసం జనరేటర్ సిద్ధంగా ఉంచుకునేది ఇందుకే. చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది.

కరెంటు పోగానే చేయాల్సినవి

1. మేత ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు తినకపోయినా తట్టుకుంటాయి. మిగిలిన మేత మాత్రం కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది.

2. మూత తీసి, పైన వల గుడ్డ కప్పండి. గాలి ఆడుతుంది, చేప బయటికి దూకదు.

3. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే శుభ్రమైన గ్లాసుతో తొట్టెలోని నీటినే ముంచి, జానెడు ఎత్తు నుంచి పోయండి. ఐదు నిమిషాలు పోసి, కాసేపు ఆగి, మళ్లీ పోయండి. ఈ పని పిల్లలకు అప్పగించవచ్చు.

4. నీరు బాగా వేడెక్కితే ఐసు ముక్కలు నేరుగా వేయకండి. మూత బిగించిన చల్లటి నీళ్ల సీసాను తేలనివ్వండి. చల్లదనం నెమ్మదిగా రావాలి.

5. ఇంట్లోకి వరద నీరు వస్తుంటే ముందు మెయిన్ స్విచ్, తర్వాతే చేపలు. తడి చేతులతో పంపు ప్లగ్గు ముట్టుకోవద్దు.

గోల్డ్‌ఫిష్‌కు ఇబ్బంది ముందుగా వస్తుంది. ఫైటర్, గౌరామి చేపలు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి ఎక్కువసేపు నిలుస్తాయి.

ఫిల్టర్ విషయం

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా ఫిల్టర్‌లోనే ఎక్కువగా ఉంటుంది. దానికీ ఆక్సిజన్ కావాలి. మూసి ఉన్న ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి నీరు చెడుతుంది. అందుకే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు లోపలి స్పాంజిని తీసి, తొట్టె నీటితో తడుపుతూ వెడల్పు పళ్లెంలో ఉంచండి. కరెంటు వచ్చాక ఫిల్టర్‌లో నిలిచిన నీరు పారబోసి, స్పాంజిని తొట్టె నీటిలోనే కడిగి బిగించండి. క్లోరిన్ తీసిన నీటితో నాలుగో వంతు మార్చి, మేత మర్నాడు కొద్దిగా వేయండి.

ముందస్తు ఏర్పాటు

యూఎస్‌బీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒక వాటు కరెంటు తీసుకుంటుందనుకుంటే, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాన్ని సుమారు ఒక రోజు నడుపుతుంది. ఇన్వర్టర్ ఉంటే ఐదు వాట్ల ఎయిర్ పంపును దానికి కలపండి. హీటర్‌ను మాత్రం కలపవద్దు. ఎయిర్ పంపు నీటి మట్టానికి కింద ఉంటే, అది ఆగినప్పుడు గొట్టం గుండా నీరు వెనక్కి కారి పంపులోకి, నేల మీదికి వస్తుంది. పంపును పైన పెట్టండి, లేదా గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి.

శాఖలో జనరేటర్‌ను అవసరం రాకముందే నడిపి చూస్తాం. ఇంట్లోనూ ఒక ఆదివారం పగటిపూట, అందరూ ఉన్నప్పుడు, అక్వేరియం ప్లగ్గు గంటసేపు తీసి గమనించండి. చేపలు అప్పటికే పైకి చేరుతుంటే తొట్టెలో వాటి సంఖ్య ఎక్కువైనట్టే. పంపు కొనేకంటే ముందు కొన్ని చేపలను పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వడం మంచిది.