ఒకే పట్టాపై ఎన్ని రైళ్ళు? నమూనా రైళ్ళ డిజిటల్ నియంత్రణకు గల హద్దులు

క్రిస్మస్ సెలవులలో పిల్లవానికి కొనిపెట్టిన బొమ్మరైలు కొన్నేళ్ళలో బేస్‌మెంటునంతటినీ ఆక్రమించుకోవడం అమెరికా ఇళ్ళలో కద్దు. మొదట ఒక ఇంజను, గుండ్రని పట్టా. పిదప రెండవ ఇంజను, ఒక స్టేషను, ఒక వంతెన. ఇంజన్లు పదికి చేరిన నాడు, అన్నిటినీ ఒకేసారి నడిపిస్తుండగా, హఠాత్తుగా అన్నీ ఆగిపోతాయి. "దాదాపు పదివేల ఇంజన్లకు నంబర్లు ఇవ్వవచ్చునని పెట్టె మీద ఉంది కదా! పదింటికే ఎందుకు ఆగింది?" అని పిల్లవాడు అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సమాధానంలో కొంత భౌతికశాస్త్రం, కొంత అంకగణితం ఇమిడి ఉన్నాయి.

పట్టాల మీద చాటింపు

పాత పద్ధతిలో పట్టాలకు సుమారు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తును అందించేవారు. వోల్టేజి పెంచితే వేగం పెరుగును, తగ్గిస్తే తగ్గును. కాని ఒకే పట్టాపై రెండు ఇంజన్లు ఉంటే రెండూ కలిసే కదిలేవి. వాటిని విడివిడిగా నడపాలంటే పట్టాలను ఖండాలుగా విడదీసి, ఖండానికొక స్విచ్చి అమర్చవలసి వచ్చేది.

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ 1980లలో రూపొందించిన విధానం ఈ ఇబ్బందిని తొలగించింది. అమెరికాలో 1935లో స్థాపితమైన జాతీయ నమూనా రైలుమార్గ సంఘం దీనిని ఆధారంగా చేసుకొని 1990లలో డి.సి.సి. అనే ప్రమాణాన్ని ఏర్పరచింది. ఈ విధానంలో పట్టాలపై విద్యుత్తు ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది. దాని ధ్రువత మాత్రం అతివేగంగా అటూ ఇటూ మారుతుంటుంది. ఒక్కొక్క అర్ధభాగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 'ఒకటి', 100 మైక్రోసెకన్లు లేదా అంతకు మించి ఉంటే 'సున్న'. ఈ ఒకట్లు, సున్నలతోనే ఆజ్ఞలు తయారవుతాయి. ఊరంతటికీ వినిపించే చాటింపు వలె ప్రతి ఆజ్ఞా పట్టాలపై ఉన్న ఇంజన్లన్నిటికీ చేరుతుంది. ఇంజనులోని డీకోడరు తన నంబరు వినబడినప్పుడే స్పందించి, మోటారుకు తగినంత విద్యుత్తును అందిస్తుంది.

విస్తరి, అన్నం, వడ్డన

పెళ్ళి భోజనాల బంతిని తలచుకుంటే హద్దుల సంగతి సులభంగా బోధపడుతుంది. పదివేల శుభలేఖలు అచ్చువేయించవచ్చు. అంతమాత్రాన పదివేల మందికి భోజనం సిద్ధమైనట్లు కాదు. గుండిగలో అన్నం చాలాలి. వడ్డించేవాడు సకాలంలో ప్రతి విస్తరి వద్దకూ రాగలగాలి. నంబర్లు శుభలేఖల వంటివి. అన్నం విద్యుత్తు. వడ్డన కాలానికి సంబంధించినది.

మొదట అన్నం సంగతి. 87వ వంతు పరిమాణంలో ఉండే హెచ్.ఓ. ఇంజను బండిని లాగుతున్నప్పుడు సుమారు అర ఆంపియరు తీసుకుంటుందనుకుందాం. పట్టాలకు విద్యుత్తునిచ్చే బూస్టరు 5 ఆంపియర్లది అయితే పది ఇంజన్లతో అది నిండిపోతుంది. ఐదవ వంతు మిగులుగా ఉంచుకోవడం మంచిది గనుక ఎనిమిదింటికే ఆగాలి. పెట్టెలలో దీపాలుంటే అవి కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్క పాతకాలపు బల్బు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే ఇరవై బల్బులకు ఒక ఆంపియరు! పిల్లవాని రైళ్ళు ఆగిపోవడానికి కారణం ఇదే. బూస్టరు తన్ను తాను కాపాడుకున్నది.

కాలపు హద్దు

నాలుగంకెల నంబరు గల ఇంజనుకు 128 మెట్ల వేగంలో ఒక ఆజ్ఞ పంపడానికి సుమారు 60 గుర్తులు కావాలి. ఒకట్లు, సున్నలు కలిసి దీనికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. అనగా సెకనుకు సుమారు 110 ఆజ్ఞలు. ఇరవై ఇంజన్లుంటే ఒక్కొక్క దానికి సెకనుకు ఐదు సార్లు వంతు వస్తుంది. నూరు ఉంటే దాదాపు సెకనుకొకసారి మాత్రమే. దీపాలు, కూతలు మొదలైన వాటి ఆజ్ఞలు కలిస్తే వంతు మరింత ఆలస్యమవుతుంది.

కమాండ్ స్టేషను ఇందుకు ఒక ఉపాయం చేస్తుంది. చేతిలోని కంట్రోలరు పిడిని తిప్పగానే ఆ కొత్త ఆజ్ఞను వరుసలో ముందుకు తెచ్చి, సాధారణంగా కొన్నిసార్లు పంపుతుంది. తరువాత దానిని మామూలు వంతులలో గుర్తుచేస్తూ ఉంటుంది. కనుక చక్రాలు శుభ్రంగా ఉంటే ఆలస్యం తెలియదు. దుమ్ము పట్టిన చక్రం సరిగా ఆ క్షణాన పట్టాను తాకకపోతే డీకోడరుకు 'ఆగు' అన్న మాట వినబడదు. అది కడపటి ఆజ్ఞనే పాటిస్తూ ముందుకు పోతుంది. మరల వంతు వచ్చేవరకు ఆగదు. ఎదురుగా మరొక రైలు వస్తున్నప్పుడు ఆ ఒక్క సెకను విలువ తెలుస్తుంది.

దీనికి తోడు ఏకకాలంలో ఎన్ని ఇంజన్లను జ్ఞాపకం ఉంచుకోగలదో కూడా కమాండ్ స్టేషనుకు పరిమితి ఉంటుంది. ప్రారంభకుల పెట్టెలలో ఇది పది, పన్నెండుకు మించకపోవచ్చు. షెడ్డులో నిలిపిన ఇంజనును జాబితా నుండి విడుదల చేస్తే ఆ స్థానం మరొకదానికి దక్కుతుంది.

పెద్ద బూస్టరు పరిష్కారమా?

"పది ఆంపియర్ల బూస్టరు కొంటే సరి" అని తోచవచ్చు. ఇక్కడే జాగ్రత్త వహించాలి. 15 వోల్టుల వద్ద 5 ఆంపియర్లంటే 75 వాట్లు. సోల్డరింగు చేసే చిన్న ఇస్త్రీ 25 నుండి 40 వాట్లది. ఇక 10 ఆంపియర్లంటే 150 వాట్లు! పట్టా తప్పిన చక్రం రెండు పట్టాలనూ కలిపితే ఆ శక్తి అంతా అక్కడి తీగలలో, కీళ్ళలో, చక్రంలో వేడిగా మారుతుంది. పలచని తీగల వలన, వదులైన కీళ్ళ వలన మార్గంలో 4 ఓములు నిరోధం చేరితే 3.75 ఆంపియర్లే ప్రవహిస్తాయి. 5 ఆంపియర్ల బూస్టరు దానిని ప్రమాదంగా గుర్తించదు. ప్లాస్టిక్కు మాత్రం కరుగుతుంది.

అందుచేత పెంచడం కంటె పంచడం మేలు. రెండు పట్టాలకూ ఖాళీలు విడిచి, మార్గాన్ని ప్రాంతాలుగా విభజించి, ప్రాంతానికొక రక్షక స్విచ్చి పెట్టాలి. అవసరమైతే వేరొక బూస్టరు చేర్చాలి. బూస్టర్ల ధ్రువత సరిపోలి ఉండాలి, లేకుంటే చక్రం హద్దు దాటుతూనే లఘువలయం ఏర్పడుతుంది. అప్పుడు ఒక మూల రైలు పడిపోతే ఆ మూలనే ఆగుతుంది. పట్టాల క్రింద దళసరి ప్రధాన తీగ నడిపి, ఆరడుగులకొకటి చొప్పున పట్టాలకు తీగలు కలపాలి. ఇదంతా సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి, పట్టాలపై అక్కడక్కడా ఒక క్వార్టరు నాణెం అడ్డంగా ఆనించి చూడాలి. ప్రతిచోటా స్విచ్చి వెంటనే తెగాలి. తెగని చోట ముందు ఆ లోపం సవరించి, పిదపనే రైళ్ళు నడపాలి.

ఒక సంగతి మరువరాదు. రెండవ బూస్టరు రెండవ గుండిగ వంటిది. వడ్డించేవాడు మాత్రం ఒక్కడే. బూస్టర్లన్నీ ఒకే ఆజ్ఞల ధారను మోస్తాయి. ఆంపియర్లు పెరుగుతాయి గాని, సెకనుకు 110 ఆజ్ఞలన్న లెక్క మారదు. చిన్న నంబర్లు, 28 మెట్ల వేగం వాడితే ఆజ్ఞ సుమారు 6 మిల్లీసెకన్లకు తగ్గి, సెకనుకు 160 వరకు పోతాయి. అయితే ఇంటి మార్గంలో చాలావరకు కాలపు హద్దు కంటె విద్యుత్తు హద్దే ముందుగా ఎదురవుతుంది.

పదకొండవ ఇంజను కొనేముందు తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక కాగితంపై ఇంజన్ల ఆంపియర్లు, దీపాల ఆంపియర్లు వరుసగా వ్రాసి కూడాలి. ఆ మొత్తం బూస్టరు శక్తిలో ఐదింట నాలుగు వంతులు దాటిందా? దాటితే ముందు కావలసినది ఇంజను కాదు, ఒక ఖాళీ, ఒక స్విచ్చి, నాలుగు గజాల దళసరి తీగ. పిల్లవాని ప్రశ్నకు జవాబు ఆ కూడికలోనే దొరుకుతుంది.