నష్టమునకు కారణమేది?

విశాఖ ఉక్కు కర్మాగారపు ముఖద్వారము కూర్మన్నపాలెమున కలదు. 1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారమునకు స్వంత ఇనుపగనులు లేవు. ముడిఖనిజమును బజారు ధరకు కొనవలసినదే. 2021 జనవరిలో దీనిని ప్రైవేటుపరము చేయుటకు కేంద్రము సూత్రప్రాయముగా అంగీకరింపగా, కార్మికులు కూర్మన్నపాలెము కూడలిలో దీక్షలకు కూర్చుండిరి. స్వంతగనులు కావలెననుట వారి కోరికలలో ముఖ్యమైనది.

లెక్కలేమి చెప్పుచున్నవి? 2021-22లో సంస్థకు 913 కోట్ల రూపాయల లాభము వచ్చెను. మరుసటి ఏట సుమారు 2,859 కోట్లు, ఆపై ఏట 4,849 కోట్లు నష్టము వాటిల్లెను. "గనులు లేకపోవుటచేతనే" యని పలువురందురు. గణాంకశాస్త్రము నేర్చినవాడు వెంటనే అడుగును: లాభము వచ్చిన ఏట గనులుండెనా? లేవు గదా! రెండేండ్లలోను మారక నిలిచినది, మార్పునకు తానొక్కటే కారణము కాజాలదు.

కావున మారినవానిని వెదకవలెను. 2022లో యుక్రెయిన్ యుద్ధముచే బొగ్గు ధర మిన్నంటెను. ఆ మే నెలలో ఉక్కు ఎగుమతులపై 15 శాతము సుంకము పడెను, నవంబరులో తొలగెను. మూడు బ్లాస్ట్ ఫర్నేసులలో ఒకటి చాలకాలము నిలిచిపోయెను. కొలిమి చల్లారినను అప్పుపై వడ్డీ చల్లారదు, జీతములును తప్పవు. ఆ భారమంతయు తక్కువ టన్నులపై పడగా ఒక్కొక్క టన్నుకగు ఖర్చు పెరిగెను.

అట్లని గనుల లేమిని కొట్టివేయరాదు. స్వంతగనులుగల టాటా స్టీల్ వంటి సంస్థలకు ఖనిజపు ధర పెరిగినను అంత బాధ లేదు. ఈ కర్మాగారమునకో, ఆ ఆసరా ఎన్నడును లేదు. దెబ్బ తగిలినపుడు లోతుగా తగిలెను.

2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటించెను. అందు 10,300 కోట్లు వాటా మూలధనము. గనులు మాత్రము అందులో లేవు.