విదేశంలో సేవ: ఫుడ్ బ్యాంకులో నేర్చిన పాఠం



మన ట్రస్టు ఉపకారవేతనంతో డిగ్రీ ముగించి, ఇంగ్లండులో ఎం.ఎస్సి. చదివిన రోజుల్లో వారానికి ఒక పూట ఒక ఫుడ్ బ్యాంకులో వాలంటీరుగా పనిచేశాను. పై చదువులకు బయలుదేరేవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫుడ్ బ్యాంకు అంటే?

ఇబ్బందుల్లో ఉన్నవారికి దాతలిచ్చిన సరుకులను ఉచితంగా అందించే కేంద్రం. బ్రిటన్‌లో ఇటువంటి కేంద్రాలను నడిపే పెద్ద సంస్థ ట్రస్సెల్. ఇది 1997లో ప్రారంభమైంది. దీని తొలి ఫుడ్ బ్యాంకు 2000లో సాలిస్‌బరీ పట్టణంలో ఒక ఇంటి షెడ్డులో, గ్యారేజీలో మొదలైంది. డాక్టరు, సోషల్ వర్కరు వంటివారు పంపిన వోచరు చూపితే కనీసం 3 రోజులకు సరిపడా బియ్యం, పాస్తా, పప్పుగింజలు, డబ్బా కూరలు, టీ, పాలు వంటివి ఇస్తారు.

పని, పొరపాటు

మొదట నాకు అప్పగించిన పని డబ్బాల మీద తేదీలు చూడటం. 'యూజ్ బై' తేదీ దాటిన ఆహారం తినరాదు. 'బెస్ట్ బిఫోర్' నాణ్యతకు సంబంధించినది మాత్రమే. ఇది చిన్న పని అనుకున్నాను. కాని అక్కడ అందరూ అక్కడే మొదలుపెడతారు.

ఒకరోజు ఒకాయనకు సంచి నిండా బియ్యం, పాస్తా సర్ది ఇచ్చాను. మా అమ్మ వయసున్న మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "వండుకోవడానికి ఆయనకు స్టవ్ ఉందా అని అడిగావా?" అన్నారు. నేను అడగలేదు. ఆయన గదిలో కెటిల్ ఒక్కటే ఉందట. వేడినీళ్లు పోస్తే సరిపోయే సూప్, నూడుల్స్, రింగు లాగితే తెరుచుకునే డబ్బాలతో సంచి మళ్లీ సర్దాము. ఇవ్వడం కన్నా ముందు అడగడం నేర్చుకోవాలని ఆ రోజు తెలిసింది.

స్నేహం

హోసూరులో పెరిగిన నాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం అలవాటే. అయినా అక్కడివారి ఇంగ్లీషు యాస మొదట అర్థం కాలేదు. ఊరికే తల ఊపడం మాని, "మళ్లీ చెప్పండి" అని అడగడం మొదలుపెట్టాకే వారు నాతో చనువుగా మాట్లాడారు. అక్కడ టీ పెట్టడం వంతులవారీ పని. రెండు వారాలు ఒకరు తెచ్చిన టీ తాగి, మూడో వారం నేనే కెటిల్ పెట్టాను. ఎవరికి చక్కెర, ఎవరికి వద్దు అని గుర్తుంచుకున్నాక మేమంతా ఒక ఇంటివాళ్లమయ్యాము.

ఆ చలికాలంలో నా లోను వాయిదా ఆలస్యమైంది. బిస్కెట్లతో రోజులు గడుపుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మేనేజరు మాత్రం గమనించి, "ఈరోజు ఏం తిన్నావు?" అని అడిగారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. పబ్లిక్ ఫండ్స్ తీసుకోరాదని నా వీసాలో షరతు ఉన్నందున భయపడ్డాను. ఫుడ్ బ్యాంకు సాయం దాతలది, ఆ షరతు కిందకు రాదని ఆవిడే చెప్పారు. యూనివర్సిటీ సంక్షేమ విభాగం ద్వారా వోచరు వచ్చింది. నేను సంచులు సర్దిన బల్ల దగ్గరే నా సంచి అందుకున్నాను. సిగ్గుపడ్డాను. కాని మరుసటి వారం అదే బల్ల వెనుక నిలబడినప్పుడు, ఎదుటివారి తలదించుకోవడం నాకు బాగా అర్థమైంది.

గుర్తుంచుకోండి

1. సేవకు చేరేముందు యూనివర్సిటీ వీసా సలహాదారుని అడగండి. జీతం లేకపోయినా, ఒప్పందంతో కూడిన కొన్ని పనులను వీసా నియమాలు ఉద్యోగంగానే లెక్కిస్తాయి.
2. చెప్పిన వేళకు వెళ్లండి. రాలేకపోతే ముందే తెలపండి.
3. అక్కడికి వచ్చినవారి పేర్లు, కష్టాలు బయట చెప్పకండి. ఫోటోలు తీయకండి.
4. మీకే అవసరం వస్తే దాచుకోకండి.

ఆలోచించండి

1. సంచి ఇచ్చేముందు నేను ఏమేమి అడిగి ఉండవలసింది?
2. సాయం అందుకున్నవారు సాయం చేసినప్పుడు ఆ పనిలో ఏ మార్పు వస్తుంది? మీ ఇంట్లోవారితో చర్చించండి.