గంజాయి – చట్టపు పట్టికలు

ఒక పదార్థము మందా, విషమా యను ప్రశ్నకు వైద్యశాస్త్ర మొక తీరున నుత్తర మిచ్చును. చట్టము మఱియొక తీరున నిచ్చును. ఈ రెండును పొసగనప్పుడు వివాదము పుట్టును. గంజాయి విషయమున జరిగిన వాద మట్టిది.

మొక్క యొక్కటియే గాని దానినుండి వచ్చు మత్తుపదార్థములు మూడు. ఆకులనుండి భంగు, ఆడుమొక్కల పూగుత్తులనుండి గంజాయి, జిగురునుండి చరసు లభించును. ఇందు మత్తు కలిగించు ముఖ్యాంశమును 1964 సంవత్సరమున ఇజ్రాయేలు దేశమున గావోని, మెచూలాం అను శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేఱుచేసిరి.

వాదము క్రొత్తది కాదు. 1893లో ఇంగ్లండు పార్లమెంటున ప్రశ్న రాగా, హిందూదేశ ప్రభుత్వ మేడుగురు సభ్యుల సంఘము నేర్పఱచెను. వారు వేయిమందికి పైగా సాక్షులను విచారించి, మితముగా వాడువారికి చెప్పదగినంత కీడు కానరాదనియు, మితిమీరినచో హాని యనియు, పూర్తిగా నిషేధించుటకంటె పన్నులచేతను లైసెన్సులచేతను అదుపున నుంచుట మేలనియు 1894లో నివేదించిరి.

1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో మాదకద్రవ్యములకు నాలుగు పట్టికలు గలవు. మొదటి పట్టికలోనివి కఠినమైన అదుపున నుండవలెను. వైద్యమునకును శాస్త్రపరిశోధనకును మాత్రము వాడవచ్చును. వానిలో మిక్కిలి అపాయకరములై, వైద్యప్రయోజన మంతగా లేనివని తలపబడినవి నాలుగవ పట్టికలో గూడ చేర్చబడును. గంజాయిని హెరాయినుతోపాటు ఈ రెంటను జేర్చిరి. పూగుత్తులు లేని ఆకులను మాత్రము గంజాయి నిర్వచనమునుండి విడిచిరి. మన దేశపు 1985 నాటి చట్టమును అట్లే విడిచెను.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గంజాయిని నాలుగవ పట్టికనుండి తొలగింపుమని సలహా యిచ్చెను. 2020 డిసెంబరు 2వ తేదీన వియన్నా నగరమున ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య సంఘములో ఓట్లు తీసికొనగా, 27 దేశము లవుననియు, 25 కాదనియు పలికెను. ఒకటి తటస్థముగా నుండెను. భారతదేశము అవుననిన పక్షమున నుండెను. అయినను మొదటి పట్టికలో గంజాయి నిలిచియే యుండెను. అమెరికాలో 1970 నాటి చట్టము దానిని అన్నిటికంటె కఠినమైన మొదటి వర్గమున నుంచెను. మూడవ వర్గమునకు దింపవలెనని 2023లో ఆరోగ్యశాఖ సలహా యొసగెను. 2024లో న్యాయశాఖ ఆ మార్పును ప్రతిపాదించెను.

మార్పు కోరువారి మాట యిది: ఈ మొక్కనుండి తీసిన మత్తులేని యొక యంశముతో జేసిన మందును, పసిపిల్లలకు వచ్చు కొన్ని కఠినమైన మూర్ఛరోగములకై 2018లో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. వైద్యప్రయోజనము లేదని చట్టమే చెప్పినచో పరిశోధనకు దారి యేది? వలదనువారి మాటయు తేలికది గాదు. మానవుని మెదడు ఇరువది యేండ్లు దాటిన పిదపగూడ ఎదుగుచునే యుండును. చిన్ననాట తఱచుగా గంజాయి త్రాగువారికి జ్ఞాపకశక్తి తగ్గుటయు, మతిభ్రంశపు టపాయము హెచ్చుటయు వైద్యులు గమనించిరి. పట్టిక మారెనన్న వార్త వినిన బాలురు దాని నిరపాయమని తలంతురేమో యని వీరి భయము.

ఇచ్చట నొక భేదము గుర్తింపవలెను. వర్గము మార్చుట వేఱు, యథేచ్ఛగా వాడనిచ్చుట వేఱు. మార్ఫీను మొదటి పట్టికలోనిదే. అయినను పుట్టకురుపు రోగుల బాధ మాన్పుటకు వైద్యులు దాని నిత్తురు. అంతమాత్రమున నది అంగడి సరకు కాలేదు.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. విశాఖ మన్యమున దొంగతనముగా పెంచిన గంజాయి తోటలను 2021లో పోలీసులు వేలకొలది యెకరములలో నఱికించిరి. ఇరువది కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి 1985 నాటి చట్టము పది సంవత్సరములకు తక్కువకాని కఠిన కారాగారశిక్ష విధించును. పరుల సరకని యెఱిగియు కూలికి మోసినవానికిని అంతే. వియన్నాలో పట్టిక మారినంత మాత్రమున ఆ శిక్ష తగ్గలేదు.

కావున బాలబాలికలారా, తల్లిదండ్రులారా! పెద్దల సభలలో పట్టికలు మారవచ్చును. రోగికి మేలగు మందు దొరకుటకై అవి మారుట న్యాయమే. కాని యెదుగుచున్న మెదడునకు గలుగు హాని యే సభవారి యోటుచేతను తగ్గదు. చట్టము సడలినదా యని యడుగుటకు ముందు, ఇది నా బుద్ధి కేమి చేయునని యడుగుడు.